బలం సూదులు

రెండేళ్ల కిందట, కార్తీక మాసం రెండో సోమవారం, పగలు పదకొండున్నర. ఆత్మకూరులో నేను ఆయాగా పనిచేసే నర్సింగ్ హోమ్‌లో, డాక్టరమ్మ గదిలో జరిగింది ఇది. నలభై దాటాక చర్చిలో అక్షరాలు దిద్దినదాన్ని, సొగసుగా రాయడం నాకు రాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మర్రిపాడులో పెంచలయ్య, రమణమ్మ అనే మొగుడూ పెళ్లాలు ఉన్నారు. పెళ్లయి చాలా ఏళ్లయినా పిల్లల్లేరు. అతను లారీ డ్రైవరు. ఇంట్లో గొర్రెల మంద ఉంది, దాన్ని అతని తల్లి వెంగమ్మ చూసుకుంటుంది. అన్నేళ్లూ వెంగమ్మ కోడల్నే ఆసుపత్రుల చుట్టూ తిప్పి, ఆ కార్తీకానికి నాలుగు నెలల ముందు మా దగ్గరికి తెచ్చింది. మా డాక్టరమ్మ మాత్రం మొదటి రోజే, "నీ కొడుకును కూడా పిలుచుకురా" అంది.

"వాడికేంది తల్లీ, ఎద్దు మాదిరి ఉండాడు."

"గొర్రెలు చూలు కట్టకపోతే ముందు పొట్టేల్ని చూసేది నువ్వే కదత్తా!" అంది రమణమ్మ. నేను గట్టిగా నవ్వేశాను. ఆ మాటతోనే పెంచలయ్య పరీక్షకు వచ్చాడు.

ఆ పరీక్షను సెమెన్ అనాలిసిస్ అంటారు. వీర్యంలో కణాలు ఎన్ని ఉన్నాయి, ఎలా కదులుతున్నాయి అని చూస్తారు. అతనికి కౌంట్ తక్కువుంది. డాక్టరమ్మ ఖైనీ, మందు మానమంది. ఇంజన్ వేడి దగ్గర గంటల తరబడి కూర్చోవద్దు, మధ్యలో దిగి నడువు, కంటి నిండా నిద్రపో అంది. కొత్త కణాలు తయారవడానికి మూడు నెలలు పడుతుందట, అప్పుడు మళ్లీ చూద్దామంది.

బయటికి రాగానే వెంగమ్మ, "కార్తీకం దాకా చూస్తా. ఆ పైన మా తమ్ముడి కూతురు ఉండనే ఉండాది" అంది, కోడలు వినేట్టుగానే.

ఆ కార్తీక సోమవారం ముగ్గురూ వచ్చారు. పెంచలయ్య కండలు తిరిగి, మెడ బలిసి ఉన్నాడు. "దీనమ్మవ్వా, ఖైనీ మానేసినాడు, మందు ముట్టలేదు" అని రమణమ్మ నా చెయ్యి పట్టుకుని చెప్పింది. చేజర్ల నుంచి రమణమ్మ అన్న చినబ్బయ్య కూడా వచ్చాడు.

రిపోర్టులో ఒక్క కణం కూడా లేదు.

"ఏం వాడావు పెంచలయ్యా?" అని డాక్టరమ్మ అడిగితే, అతను తల్లి వంక చూశాడు.

"మందులేం లేవమ్మా" అంది వెంగమ్మ. "మా పక్క ఒక ఆర్‌ఎంపీ దగ్గర బలం సూదులు ఏయించినా, అంతే. పొట్టేల్ని మందలోకి ఇడిసే ముందు ఉలవలు పెట్టి మేపమా?"

డాక్టరమ్మ సూది పేరు కనుక్కుని తల పట్టుకుంది. అవి టెస్టోస్టెరాన్ సూదులు, అంటే మగ హార్మోన్. అది బయటి నుంచి వస్తుంటే ఒంట్లో తయారయ్యేది ఆగిపోతుంది. కండ పెరుగుతుంది కానీ కణాలు పుట్టవు.

"ఆపేస్తే వస్తాయా మేడమ్?" అని రమణమ్మ అడిగింది.

"చాలామందికి వస్తాయి. నెలలు పట్టొచ్చు, ఏడాది దాటొచ్చు. మాట ఇవ్వలేను."

"ఇంకా ఏడాదా?" వెంగమ్మ లేచింది. "పొట్టేల్ని బాగానే మేపినా. నాకు మంద మీదనే అనుమానం."

రమణమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యా, సూది ఏసుకునేటప్పుడు నాతో ఒక మాట అనలేకపోయినావా? పోనీ, ఇప్పుడన్నా మీ అమ్మకు చెప్పు, ఆగుదామని."

అతను నేల చూశాడు.

"మా చెల్లెలు మీ మందలో గొర్రె కాదులే పెద్దమ్మా" అన్నాడు చినబ్బయ్య. "లెయ్ రమణా, పోదాం."

రమణమ్మ అన్నతో చేజర్ల పోయింది, మళ్లీ మర్రిపాడు రాలేదు. ఎండాకాలంలో పెంచలయ్య ఒక్కడే వచ్చాడు. సూదులు మానేశాడు. ఖైనీ మళ్లీ పట్టలేదు. కణాలు తిరిగి వచ్చాయి. రిపోర్టు నా చేతికిచ్చి, "అవ్వా, రమణమ్మకు నువ్వైనా చెప్పవా?" అన్నాడు.

"ఆ రోజు నువ్వు నోరు తెరిచుంటే సరిపోయేది కదరా" అన్నాను. అయినా ఫోన్ చేశాను. "ఆ రిపోర్టు నాకెందుకవ్వా?" అని పెట్టేసింది.

పిల్లలు కావాలనుకునే మగవాళ్లకు నేను చెప్పేది ఇంతే. మొదటి రోజే నువ్వూ పరీక్ష చేయించుకో. బలం కోసమని ఎవరేం పొడుస్తామన్నా, డాక్టర్ని అడగకుండా చెయ్యి చాపొద్దు. పెళ్లానికి తెలియకుండా అసలే చాపొద్దు.

ఆ రోజు గదిలో ఉన్నవాళ్లం: డాక్టరమ్మ సరళ, వెంగమ్మ, రమణమ్మ, చినబ్బయ్య, నేను. పెంచలయ్య కూడా ఉన్నాడు.