కాజాలమ్మ కొండదారి సాధన

దర్జీ కొట్టుకు చొక్కాల కాజాలు కుట్టిపెట్టే ఆవిణ్ని వీధంతా కాజాలమ్మ అనేది. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే చాలు, 'వీళ్ళకు నాతో ఏం పనిపడిందో' అని ఆరా తీసే రకం. ఊరికే నవ్వే మనుషులుంటారంటే నమ్మేది కాదు.

ఆవిడకు బస్సు పడదు. కొండదారి మొదటి మలుపులోనే కడుపులో దేవినట్టయ్యేది. అందుకే కొండ అవతల ఉన్న అక్కే నెలనెలా వచ్చి చూసిపోయేది. అలాంటి అక్క చలికాలం నుంచీ రావడం మానేసింది. ఫోను చేస్తే రెండు ముక్కలు మాట్లాడి బావకు ఇచ్చేసేది.

"మీ అక్కకేం, నిక్షేపంలా ఉందమ్మా. నువ్వు మాత్రం రాకు, ఈ దారి నీవల్ల కాదు," అనేవాడు బావ.

రావద్దంటున్నాడంటే ఏదో దాస్తున్నట్టే. అక్కకేమైనా అయిందేమో, నోరు విప్పనివ్వడం లేదేమో! కాజాలమ్మకు అన్నం సహించలేదు.

ఎలాగైనా వెళ్ళి చూసి రావాలని అడిగితే, కొండ బస్సు కండక్టరు ఒక ఉపాయం చెప్పాడు. "రోజూ కాస్త దూరం రండి. తిప్పుతోందనగానే దిగిపోండి. మర్నాడు ఇంకాస్త. ఒళ్ళు అదే అలవాటుపడుతుంది. కిటికీలోంచి దూరంగా చూస్తూ ఉండండి."

దూరంగా చూడమంటున్నాడంటే దగ్గర్లో ఏదో జరగబోతోందని ఆవిడకు అనుమానం. పైగా చేతులు ముడుచుకుని కూర్చోవడమెందుకని ఒళ్ళో చొక్కా పెట్టుకుని కాజా మొదలుపెట్టింది. నాలుగు కుట్లు పడ్డాయో లేదో కళ్ళు తిరిగాయి. కొట్టువాళ్ళ చొక్కానైతే కాపాడింది గానీ, కండక్టరు బూట్లను కాపాడలేకపోయింది.

"చెబితే వింటే కదా! ఆ సూది ఇంట్లో పెట్టి రండి తల్లీ," అన్నాడతను.

మర్నాటి నుంచి వట్టి చేతులతో ఎక్కింది. మొదటి మలుపులో దిగి నడిచి వచ్చేసేది. కొన్నాళ్ళకు రెండో మలుపు. ఒకరోజు బాగానే ఉంది కదా అని మొండికేసి కూర్చుంటే వ్యవహారం మళ్ళీ మొదటికొచ్చింది. ఎండలు ముదిరేసరికి కడుపు చెప్పిన మాట వినసాగింది. ఒక ఉదయం ఎక్కడా దిగలేదు.

తలుపు తీసిన బావ తెల్లబోయాడు. ఆవిడ అతన్ని తోసుకుని లోపలికి పోయి గదులన్నీ గాలించింది. అక్క పెరట్లో బట్టలు ఆరేస్తూ కనిపించింది.

"అక్కా, ఎందుకు రావట్లేదు? ఈయన ఆపాడా?"

"ఆయనెందుకు ఆపుతాడే?" అక్క తడిబట్ట బుట్టలో పడేసింది. "నాకూ బస్సు పడదు. ఏనాడూ పడలేదు. మీ వీధి చివర దిగి, వాంతి చేసుకుని, మొహం కడుక్కుని వచ్చేదాన్ని. ఇప్పుడిక ఓపిక లేదు. తెలిస్తే ఏడుస్తావని ఆయన్నీ చెప్పనివ్వలేదు."

కాజాలమ్మ ఏడ్వనే ఏడ్చింది. వీధిలో ఒక్కరినీ వదలకుండా అనుమానించిన మనిషికి, నెలనెలా పాలిపోయిన మొహంతో గుమ్మంలో నిలబడి నవ్వే అక్కను ఒక్కసారైనా అనుమానించాలని తోచలేదు.