సుద్ద తినే ఎలుక

మా వదిన గుడ్డ కత్తిరిస్తుంటే చూడాలి. బల్ల మీద బట్ట పరిచి సుద్దముక్కతో ఒక్క గీత గీస్తుంది. దాన్ని మళ్ళీ దిద్దడమంటూ ఉండదు. మిషను మీద కుట్టేది అన్నయ్య, కాజాలూ గుండీలూ నావి. కొట్టు పేరుకి అన్నయ్యదే గానీ పెత్తనమంతా వదినది. మంచిదే, అన్నయ్య చేతికి కత్తెరిస్తే చొక్కా కాస్తా చేతిరుమాలు అవుతుంది.

మా కొట్లో సుద్దముక్కలు నిలిచేవి కావు. ఎన్ని కొన్నా ఇట్టే తరిగిపోయేవి, మిగిలినవాటి అంచులు కొరికినట్టుండేవి. ఎలుకల పనేనని తేల్చి అన్నయ్య బోను తెచ్చాడు. అందులో రొట్టెముక్క పెట్టింది వదినే. ఎలుక మాత్రం పడలేదు.

"మీ అన్నయ్యని చూసి ఊరొదిలి పారిపోయుంటుందిలే," అంది వదిన.

ఆ రోజుల్లోనే వదిన బాగా పాలిపోయింది. కొట్టు మేడ మీద. మెట్లెక్కి వచ్చి, ఊపిరి అందేదాకా బల్ల పట్టుకుని నిలబడేది. గోళ్ళు చెంచాల్లా గుంటపడ్డాయి. ఎండల్లో కూడా చేతులు చల్లగా ఉండేవి. ఇంట్లో ఉన్న ఆడపడుచుని, నెలనెలా ఎంత రక్తం పోయేదో నాకు తెలుసు. డాక్టరు దగ్గరికి పోదాం వదినా అంటే, "ఆడవాళ్ళకి ఇవన్నీ మామూలే, నువ్వు గుండీలు కుట్టు," అనేది. నాకు ఒళ్ళు మండేది. ఊరందరి కొలతలూ తీసే మనిషి, తన ఒంటి సంగతి పట్టించుకోదు.

ఒక మధ్యాహ్నం నేను గుండీ కుడుతూ తలెత్తేసరికి, వదిన గీత బట్ట దాటి బల్ల మీదకి పోయింది. ఆ గీతని ఎవరో గీసినట్టు చూస్తూ నిలబడింది. సుద్ద జారి కిందపడింది.

"ఏంటి వదినా?"

ఏదో అంది. మాట ముద్దముద్దగా వచ్చింది. మూతి ఒక పక్కకి జారిపోయింది.

"మళ్ళీ కళ్ళు తిరిగినట్టున్నాయి. పడుకోబెట్టు, టీ పెడతా," అన్నాడు అన్నయ్య. ఎప్పుడూ చేసేది అదే.

ఆస్పత్రి గోడ మీద పక్షవాతం గురించి వేసిన బొమ్మల్లో చూసిన పరీక్ష గుర్తొచ్చింది. "రెండు చేతులూ ఎత్తు వదినా," అన్నాను. ఎడమచెయ్యి లేచింది. కుడిచెయ్యి లేవలేదు.

"టీ లేదు గీ లేదు! అంబులెన్సుకి ఫోన్ చెయ్యి!" అని అరిచాను. అన్నయ్య మీద నేను నోరు చేసుకోవడం అదే మొదలు.

తల స్కాన్ తీశారు. మెదడుకి వెళ్ళే నాళంలో రక్తం గడ్డకట్టిందట. వెంటనే తెచ్చారు కాబట్టి గడ్డ కరిగే మందు ఇవ్వగలిగామన్నారు. ఆ కుడిచెయ్యి మళ్ళీ కత్తెర పడుతుందో లేదో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మర్నాడు డాక్టరమ్మ వచ్చింది. "ఒంట్లో రక్తం సగానికి సగం లేదు. గర్భసంచిలో కణితులున్నాయి, అందుకే నెలనెలా అంత పోతోంది. ఐరన్ మరీ తగ్గితే కొందరిలో రక్తం గడ్డకట్టించే కణాలు పెరిగిపోతాయి. మీకు అదే జరిగి ఉండొచ్చు," అని చెప్పి, "మట్టి, సుద్ద, ఐసు లాంటివి తినాలనిపిస్తుందా?" అని అడిగింది.

వదిన గోడ వైపు తిరిగింది. అన్నయ్య నోరు తెరిచాడు.

"అయితే ఆ ఎలుకవి నువ్వా?"

వదిన తలూపింది. సగం మూతితోనే నవ్వింది. అన్నయ్య కూడా నవ్వబోయి, ఏడ్చేశాడు. "బోను పెట్టాను గానీ, ఏమైందే నీకు అని ఒక్కసారి అడగలేదే," అన్నాడు.

కణితులకి వైద్యం జరిగింది. మాత్రలు మానకుండా అన్నయ్యే దగ్గరుండి మింగించాడు. వదిన రబ్బరుబంతి నొక్కుతూ నెలలు గడిపింది. మాట ముందొచ్చింది, చెయ్యి ఆలస్యం చేసింది.

ఒకరోజు తనే వచ్చి సుద్ద అందుకుంది. అన్నయ్య తన చొక్కాకని దాచుకున్న బట్ట తెచ్చి పరిచాడు. చెయ్యి వణికింది, గీత వంకరపోయింది. వదిన చెరపబోతే ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. కత్తెర తీసుకుని, ఆ వంకర వెంబడే మెల్లగా కత్తిరించాడు.

ఇప్పుడు వదిన గీతలు మళ్ళీ తిన్నగా వస్తున్నాయి. అన్నయ్య మాత్రం, ఒక పక్క కిందికి వేలాడే ఆ చొక్కానే వేసుకుని మిషను ముందు కూర్చుంటాడు. కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు దాన్ని చూసి వెనక్కి పోతారేమోనని నా భయం. ఎంత చెప్పినా విప్పడు.