మా మామ మళ్లీ తొడుక్కున్న నల్లకోటు

పొద్దున ముసురులో చర్చి శిఖరం సగం మబ్బులో కరిగిపోయి కనిపిస్తుంటే, కిటికీ దగ్గర కూర్చుని ఫోన్లో ఒక ఇంగ్లీషు బారిస్టరు గురించి చదివాను. మొదట కోర్టుల్లో వాదించాడట, తర్వాత రాజకీయాల్లోకి వెళ్లాడట, మళ్లీ నల్లకోటు తొడుక్కుని యుద్ధ నేరస్తులను బోనెక్కించాడట. చదువుతుండగానే ఆ అక్షరాలు చెదిరి, మా మేనమామ ముఖం వచ్చి కూర్చుంది.

మామ మెదక్ కోర్టులో వకీలు. భూమి తగాదాలతో విసుగెత్తి అసెంబ్లీ ఎన్నికల్లో నిలబడి, తనకే ఆశ్చర్యంగా గెలిచాడు. ఆ ఊరేగింపు నాకిప్పటికీ కలలాగే ఉంటుంది: పొగమంచులా కమ్మిన గులాలు, దాంట్లోంచి తేలుతూ వచ్చే డప్పుల మోత, ఒక అనుచరుడి భుజాల మీద భారీకాయుడైన మామ. అత్త గడపలోంచే అరిచింది: "జర దించుండ్రి, నడుమిరిగితే నేనే చూసుకోవాలె!"

పదవీకాలం ముగిసిన ఎండాకాలం, ఒక పల్లె శివారులో జాగా ఖాళీ చేయలేదని గుడిసెలు తగలబెట్టారు. ఒక పసిపిల్ల కాలిపోయింది. మొదటి నిందితుడు మామను భుజాలకెత్తుకున్నవాడే. మళ్లీ నల్లకోటు తొడుక్కుని, ప్రభుత్వం తరఫు ప్రాసిక్యూటరుగా ఆ కేసు మామే అడిగి తీసుకున్నాడు. పార్టీవాళ్లు ఇంటికొచ్చి, "మనోడే గద సార్, జర సోచాయించుండ్రి" అని, ఇంకోసారి ఆలోచించమని బతిమాలారు.

"మనోడు గనుకనే నేను నిలవడాలె" అన్నాడు మామ.

విచారణకు నేనూ వెళ్లాను. పిల్ల నాయనమ్మ సాక్షుల బోనులో నిలబడి, నిందితులను చూసి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. మామ కాగితాలు పక్కన పెట్టాడు.

"అవ్వా, నీ గుడిసెల ఏమేముండె? జర యాదిజేసుకో."

ఆమె కళ్లు మూసుకుంది. ఆ ఇంట్లో మెల్లగా నడుస్తున్నట్టు చెప్పుకుపోయింది. "మూలకు ఉట్టి ఉండె. గోడకు అద్దముండె. బొంతల నా మనుమరాలు పండుకొని ఉండె." కళ్లు తెరిచి మొదటి నిందితుడి వైపు వేలు చూపింది. "గాయినె అంటువెట్టిండు."

శిక్ష పడింది. పార్టీ మామకు ఇంకెప్పుడూ టికెట్ ఇవ్వలేదు. గుమ్మం ముందు వచ్చిపోయేవాళ్ల చెప్పుల గుట్ట మాయమైంది. వాకిలి శుభ్రంగా ఉంటోందని అత్త సంబరపడింది గానీ, దసరానాడు జమ్మి ఆకు చేతిలో పెట్టడానికి ఎవరూ రాకపోతే ఆమే మాటిమాటికీ వీధిలోకి చూసింది.

"మనసుల రంధి లేదా మామా?" అని ఒకసారి అడిగాను.

"ఉన్నది బిడ్డా. నేను జైలుకు పంపినోని తల్లి చేతి అన్నం తిన్నోణ్ణి" అన్నాడు.

మామ పోయి చాలా ఏళ్లయింది. ఆయన పదవిలో ఉన్న ఐదేళ్లలో ఒక్క రోజు కూడా నాకు విడిగా గుర్తులేదు. కోర్టులో ఆ అరగంట మాత్రం ఇంకా గడిచిపోలేదు.