గోడాదరాలో మా ఇంటిపేరు

మధ్యాహ్నం మూడింటికి సికింద్రాబాద్‌లో రైలెక్కాను. నేను నడిపే కుటుంబ చికిత్స పరిశోధన పత్రిక ఒక వ్యాసం కోసం అచ్చుకు వెళ్లకుండా ఆగి ఉంది. విడిపోయిన అన్నదమ్ములను తిరిగి కలిపిన తీరు గురించి సూరత్‌లోని ఒక చికిత్సకురాలు రాసింది. పేర్లు మార్చి, ఆ ఇంట్లో అందరూ ఒప్పుకుంటేనే వేయాలన్నది మా నియమం. ఆ ఇద్దరిలో అన్నగారు ఒప్పుకోలేదు. మా చింతలగిరి వారు ఒకరి గుమ్మానికి వెళ్లి అడిగిన వారు కారు. అయినా బయల్దేరాను.

ఎదుటి బెర్తులో సూరత్ పక్కనున్న సచిన్ ఊళ్లో పనిచేసే నేత కార్మికుడు. నా పని విని, "గిసుంటి పంచాయితీలు మా తాన గల్లీకి పది ఉంటయి సార్. రాసుకపోను మీ సంచి సాలదు, లారీ తేవాలె," అన్నాడు.

మర్నాడు ఉదయం సూరత్. స్టేషన్ బయట లోచో తిన్నాను. ఆవిరిపై ఉడికిన శనగపిండి మీద నూనె, సేవ్ అనే సన్న కారప్పూస వేసి ఇస్తారు. వేడిగా ఉన్నప్పుడే బాగుంటుంది. ఆ అన్నదమ్ములుండే తెలుగువాళ్ల పేట గోడాదరాకు షేర్ ఆటోలున్నాయి, సామాను తక్కువుంటే సుఖం.

తమ్ముడు సరేనని చెప్పి మగ్గాల షిఫ్టుకు వెళ్లిపోయాడు. ఇంట్లో అన్న మల్లేశం, తమ్ముడి భార్య సరిత ఉన్నారు.

"కొట్లాడినప్పుడు గల్లీ అంత విన్నది. కలిసినంక పేరు దాచుడేంది?" అన్నాడు మల్లేశం. "మా పేరే పెట్టున్రి."

"నా బిడ్డ బడికి పోవాలె బావా. జర సోచాయించు."

"నీదెప్పుడు గింతే. గప్పుడు గూడ నువ్వే..."

"గప్పుడు నేనేం జేసిన?"

ఇద్దరూ మొహాలు తిప్పుకున్నారు. వ్యాసం వేయడం మానుకుంటానని చెప్పి కాగితాలు సంచిలో పెట్టాను. సరిత లేచి చాయ్ తెచ్చింది. మల్లేశం సగం తాగి అడిగాడు:

"సార్, మీ ఇంటిపేరేంది?"

నిటారుగా కూర్చుని చెప్పాను.

"గొప్పగున్నది. వేరే పేరే గావాల్నంటే గదే పెట్టున్రి. నాకు మంజూర్."

సరిత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "బావా, సార్ మొఖం జూడు!"

ఇద్దరూ నవ్వారు. ఆలోచిస్తానన్నాను.

సాయంత్రం తిరుగు రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. వాటాల దావాలో మా బంగళా పోయింది. ఆ తర్వాత నాన్నగారు, బాబాయి చివరిదాకా మాట్లాడుకోలేదు. వారి పిల్లలం మేమూ అంతే. నాకు మిగిలింది ఆ పేరు, ఈ పత్రిక.

వాపి దాటాక పెన్ను తీశాను. వ్యాసంలో వాళ్ల ఇంటిపేరు రావలసిన చోటల్లా 'చింతలగిరి' అని రాసుకుంటూ పోయాను. చివరి పేరాలో చింతలగిరి అన్నదమ్ములు ఒకే చాప మీద భోజనానికి కూర్చున్నారు. ఆ పేజీలో ఇక దిద్దవలసింది కనిపించలేదు.