కాగితం గీకేసిన మందు డబ్బా

నందిగామలో చాలాకాలం పనిచేశాక, ఒక జూన్ మొదటి వారంలో జగ్గయ్యపేటకు బదిలీ అయ్యాను. ఉద్యోగం హెచ్.ఐ.వి. పరీక్షా కేంద్రంలో కౌన్సిలర్. ఒక బల్ల, మూడు కుర్చీలు, తలుపుకు గడియ. అక్కడ విన్న మాట గడప దాటకూడదన్నది మా మొదటి నిబంధన. గర్భిణులకు మొదటి నెలల్లోనే రక్తపరీక్ష చేసేవాళ్ళం. పాజిటివ్ అని తేలితే ఆ కబురు చెప్పే బాధ్యత నాది. తల్లి రోజూ జబ్బును అదుపులో ఉంచే ఏ.ఆర్.టి. బిళ్ళ వేసుకోవాలి, బిడ్డకు పుట్టగానే సిరప్ మొదలుపెట్టాలి. ఆరు నెలలు తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకూడదు. తల్లిపాలూ పోతపాలూ కలిపి పడితే బిడ్డకు జబ్బు సోకే ప్రమాదం పెరుగుతుంది.

సునీతది వత్సవాయి దగ్గర పల్లె. పేరు మార్చాను. పరీక్షలో ఆమెకు పాజిటివ్ అని తేలింది. ఆరో నెల కడుపుతో ఉండగా భర్త పోయాడు, క్షయ అన్నారు. ఇంట్లో ఆమె, అత్త వెంకాయమ్మ, అంతే.

"మా అత్తకు తెలిస్తే బిడ్డను లాక్కుని నన్ను పుట్టింటికి తోలేస్తదండి" అని వచ్చినప్పుడల్లా వణికిపోయేది.

అందరికీ నేర్పే పాఠమే ఆమెకూ నేర్పాను. మందు డబ్బా మీద కాగితం గీకెయ్యి. అత్త అడిగితే రక్తం పట్టే బిళ్ళలని చెప్పు. పాపకు ఉగ్గు పెట్టబోతే అజీర్తి, డాక్టరు వద్దన్నారని చెప్పు. అబద్ధాలు అతికినట్టు కుదిరాయని లోపల కాస్త గర్వం కూడా ఉండేది నాకు, సిగ్గులేకపోతే సరి.

పాప పుట్టింది. ఆరో వారం పరీక్షలో నెగటివ్ వచ్చింది. ఇల్లు గడవాలి కాబట్టి సునీత మళ్ళీ పత్తిచేలో కూలికి వెళ్ళడం మొదలుపెట్టింది. పాలు పిండి గిన్నెలో మూతపెట్టి వెళ్ళమన్నాను. అవి పాపకు పట్టేది ఎవరో మాత్రం అడగలేదు.

ఒకరోజు పొద్దున్నే వెంకాయమ్మ పాపను చంకనేసుకుని, ఆస్పత్రి చీటీ పట్టుకుని ఒక్కతే వచ్చింది. కోడలి మందు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది దేనికి మేడమ్?"

"నేను చెప్పకూడదమ్మా. మీ కోడల్నే అడగండి" అన్నాను.

"అడిగేదేముందండీ? మావోడు ఖమ్మంలో తెచ్చుకునే డబ్బాకీ ఇట్టాగే కాయితం గీకేసుండేది. ఏడాదిపాటు నేనే నీళ్ళందించా. ఏ జబ్బో పోయేముందు చెప్పాడు. కోడలికి చెప్పనని ఒట్టేయించుకున్నాడు."

ఆవిడే మళ్ళీ అందుకుంది.

"ఆ పాలల్లో జబ్బుంటదిగా. పది రోజులనుంచి అది పిండిపెట్టినయ్యి పారబోసి గేదెపాలు పడతన్నా. కొడుకెట్టాగూ పోయాడు, ఈ పిల్లన్నా దక్కాలి. దాన్ని పుట్టింటికి పంపించి నేనే పెంచుకుంటా."

పగలు అత్త పట్టే గేదెపాలు, సాయంత్రం తల్లిపాలు. దేన్ని తప్పించాలని ఇన్ని జాగ్రత్తలు పడ్డామో, సరిగ్గా అదే జరుగుతోంది.

సునీతకు ఫోను చేశాను. చేలో బట్టలతోనే ఆటో ఎక్కి వచ్చింది. జబ్బు సంగతి అత్తకు చెప్పాలో వద్దో నిర్ణయం ఆమెదేనని విడిగా చెప్పాను. లోపలికి వెళ్ళి తనే చెప్పేసింది.

"నాకు తెలుసే. మావోడిదీ ఇదే జబ్బు" అంది అత్త.

"తెలిసి కూడా నాకు చెప్పలేదా అత్తా?" అని సునీత నిలదీసింది. "పాపని మాత్రం వదల్ను. చంపినా వదల్ను" అని సునీత బిడ్డను లాగేసుకుంది.

మెడికల్ ఆఫీసరు గారిని పిలిచాను. తల్లి రోజూ బిళ్ళ వేసుకుంటున్నంత వరకూ ఆ పాలే బిడ్డకు మేలనీ, రెండు రకాల పాలూ కలపడమే ముప్పనీ ఆయన ఓపిగ్గా వివరించారు. వెంకాయమ్మ అంతా విని ఒక్కటే అడిగింది.

"అయితే నేనే చెరిపానా?"

పరీక్షలో తేలాలని మాత్రం అన్నాను. పాప మడమ దగ్గర గుచ్చి, రక్తపు చుక్కలు కాగితం మీద ఆరబెట్టి ల్యాబుకు పంపాం. ఫలితానికి వారాలు పట్టింది. ఆ వారాలన్నీ నేను అన్నం సరిగ్గా తినలేదు. గేదెపాలు ఆగిపోయాయి. కోడలికి బిళ్ళ గుర్తుచేసే పని అత్తే పెట్టుకుంది. పుట్టింటి మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. రహస్యం తల్లిదే, ఎవరికి చెప్పాలన్నదీ ఆమె ఇష్టమే. కానీ అబద్ధం నేర్పే ముందు, ఆమె ఇంట్లో లేనప్పుడు బిడ్డకు పాలు పట్టేది ఎవరని అడిగేదాన్ని. ఆ మనిషికి ఏ సంగతైనా చెప్పుకునే వీలుందేమో తల్లితో కలిసి ఆలోచించేదాన్ని.

మడమ గుచ్చి చేసిన ఆ పరీక్షలోనూ, పద్దెనిమిదో నెలలో చేసిన ఆఖరి పరీక్షలోనూ పాపకు నెగటివ్ వచ్చింది. కాబట్టే ఈ తప్పును ఇవాళ తీరిగ్గా రాయగలుగుతున్నాను. రాకపోయుంటే, గేదెపాలు పట్టింది వెంకాయమ్మేనని ఊరంతా అనుకునేది. పట్టించింది నేనని నాకొక్కదానికే తెలిసేది.