ఊపిరి దాచుకున్న అమ్మమ్మ

నిన్న ఏలూరులో మందుల షాపు ముందు ఒక పెద్దావిడ ఇన్‌హేలర్ నోట్లో పెట్టుకొని పీల్చింది. బుస్సుమన్న ఆ చిన్న శబ్దానికి నా చిన్నప్పుడు దెందులూరులో మాతో ఉండే అమ్మమ్మ గుర్తొచ్చింది.

అమ్మమ్మకు ఎప్పటినుంచో ఉబ్బసం. అయినా ఆవిడ గొంతు వీధి చివరిదాకా వినిపించేది. నా ఎనిమిదో ఏట ఆవిడకు వైరల్ జ్వరం వచ్చి న్యుమోనియాగా మారింది. చాలా రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చింది. ఇంటికొచ్చిందంటే నయమైపోయిందనుకున్నాను. కానీ ఆవిడ దిండ్లకు ఆనుకొని కూర్చునే ఉండేది. నేనేం అడిగినా చెయ్యి ఊపేది, అంతే.

"అమ్మమ్మకి నా మీద కోపమా?" అని అమ్మను అడిగాను.

"కోపం కాదే. మాట్లాడితే ఆయాసం. ఊపిరి దాచుకుంటోంది."

దాచుకుంటే అది పెరుగుతుందనుకున్నాను. ఆవిడను పలకరించడం మానేశాను. చూడవచ్చినవాళ్లకు గుమ్మంలోనే చెప్పేదాన్ని: "మాట్లాడించకండి, ఊపిరి అయిపోతుందండి."

ఒక సాయంత్రం అమ్మమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "నువ్వు మాట్లాడమ్మా," అని ఆగింది. కాసేపటికి, "నే వింటాను," అంది.

బడి గురించి, మా పిల్లి ఈనిన కూనల గురించి చీకటి పడేదాకా చెప్పాను. ఊ కొట్టడానికి ఊపిరి చాలక, నా వేలు నొక్కుతూ వింది.

మంచు మొదలయ్యాక ఆవిడకు మామూలు జలుబే చేసింది. అదే ఊపిరితిత్తుల్ని పట్టేసింది. ఈసారి ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు.

అంత జబ్బు చేశాక, ఆ వయసులో ఉబ్బసం ఉన్నవాళ్లకు చిన్న జలుబైనా ప్రాణం మీదికి తెస్తుందని డాక్టరుగారు మొదటిసారి ఇంటికి పంపేటప్పుడే చెప్పారని అమ్మ ఈమధ్యే నాతో అంది. అమ్మమ్మ అదంతా వినే ఇంటికొచ్చిందట.