గుమ్మానికి వేపమండ

యలహంక పాతూళ్లో నేత్రావతి ఉండే వఠారంలో ఒక ఇంట్లో తిరగమోత పెడితే మిగతా ఇళ్లన్నీ తుమ్ముతాయి. అలాంటిచోట కూతురి జబ్బును ఇన్నాళ్లు దాచిందంటే ఆమె గుండెను మెచ్చుకోవాలో తిట్టాలో తెలియదు. నాలుగేళ్ల వర్షిణికి రక్త క్యాన్సర్. మందులకు జుట్టు రాలిపోతే, దేవుడి మొక్కు అని చెప్పింది. ఎవరు కాదంటారు? ఎదురింటి సరోజమ్మయితే ఆ గుండు నిమిరి దీవించింది కూడా. నిజం తెలిస్తే వాళ్ల పిల్లల్ని పక్కకు లాక్కుంటారని నేత్రావతి భయం. అంటుకునే జబ్బు కాదని ఎంతమందికని చెప్పుకుంటుంది!

ఆ పొద్దున నీళ్లకని బయటికొస్తే, సరోజమ్మ ఇంటి లోపలి తలుపుకు వేపమండ కనిపించింది. ఆమె మనవడు దీపక్‌కు అమ్మవారు పోసింది. నేత్రావతి బిందె అక్కడే కింద పెట్టేసింది. వర్షిణికి అది సోకితే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరమ్మ మొదట్లోనే హెచ్చరించింది. అది ఉన్నవాళ్లతో కలిసిన వెంటనే వేసే సూది ఒకటుంది, ఆలస్యమైతే లాభం లేదు. పిల్లలిద్దరూ ఎప్పుడు కలిశారో సరోజమ్మకే తెలుసు. నేత్రావతి పనికి పోతే వర్షిణిని చూసుకునేది ఆమే.

"అక్కా, పిల్లోనికి అమ్మ పోస్తే చెప్పొద్దా?" గడప బయటనుంచే అడిగింది నేత్రావతి.

"మెల్లగా అనమ్మా! ఓనరు వింటే ఇల్లు ఖాళీ చెయ్యమంటాడు. అయినా మీ పాపకేం భయం? వస్తే వస్తాది, పోతాది."

"దానికొస్తే చచ్చిపోతాదక్కా! అది మొక్కు గుండు కాదు. నా బిడ్డకి క్యాన్సరు!"

వఠారమంతా ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. సరోజమ్మ గడపలోనే కూలబడింది.

"అయ్యో! మొన్న సాయంత్రం ఒకే బన్ను ఇద్దరూ కొరుక్కొని తినిరి. నేనే ఇస్తి. ఒక్క మాట చెప్పింటే వీణ్ణి దాని పక్కకు పోనిస్తునా నేత్రా?"

నేత్రావతి ఇంట్లోకి పరుగెత్తింది. పిల్లను చంకనేసుకుని ఆటో ఎక్కింది.

ఆసుపత్రిలో సూది వేశారు. "రాదని మాత్రం చెప్పలేం. కొన్ని వారాలు ఒళ్లంతా చూస్తూ ఉండండి" అన్నారు.

సాయంత్రం తిరిగొస్తే సొంత గుమ్మానికే ఒత్తుగా వేపమండ! నేత్రావతికి ఒళ్లు మండిపోయింది.

"ఎవురు కట్టింది? నా బిడ్డకి ఇంకా రాలేదు!"

"నేనే పక్కింటామెతో కట్టిస్తినమ్మా," అంది సరోజమ్మ, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని దూరంనుంచే. "క్యాన్సరని తెలిసినాక పలకరించేదానికి అందరూ లోపలికొస్తారు, ఎవురి జబ్బు దానికంటుకుంటాదో. అది ఉంటే ఎవురూ గడప తొక్కరు."

నేత్రావతి దాన్ని తియ్యలేదు. అదెందుకని వర్షిణి అడిగితే ఏడ్చింది.

ఆకులు ఎండి రాలినప్పుడల్లా ఎవరో కొత్త మండ కడుతున్నారు. రోజూ పొద్దున్నే గౌను పైకెత్తి ఒళ్లంతా వెతుకుతుంది నేత్రావతి. ఇవాళ వీపుమీద ఒక ఎర్రటి పొక్కు కనిపించింది. దోమకాటే అయ్యుంటుందనుకుంటూనే ఆసుపత్రికని చెప్పులేసుకుంది.